వలందులు వచ్చిన ఊళ్లో సంక్రాంతి

సంక్రాంతికి వెళ్లొచ్చాం. తాళం తీసి, సంచులు హాల్లో దించి, అరిసెల డబ్బా ఒక్కటి బయటపెట్టి రాయడానికి కూర్చున్నాను. పక్కింటి వాళ్లకి పంచాల్సినవి రేపు పంచుతాను. ముందు కబుర్లు.

ఈసారి మాకు బాగా కలిసొచ్చింది చర్లపల్లి. అక్కడి కొత్త రైల్వే టెర్మినల్ 2025 జనవరి 6న మొదలైంది, సరిగ్గా భోగికి వారం ముందు. మౌలాలి హెచ్‌బీ కాలనీలో ఉండేవాళ్లకి చర్లపల్లి అంటే పక్క వీధి కిందే లెక్క. ఇన్నేళ్లూ మా ఊరు పాలకొల్లు వెళ్లాలంటే ఎదురు దిక్కున సికింద్రాబాద్ పోయి, ప్లాట్‌ఫారం మీద సామాను చుట్టూ కాపలా కూర్చుని, రైలెక్కి, కాసేపటికి మళ్లీ మౌలాలి మీదుగానే వెళ్లేవాళ్లం. కిటికీలోంచి మౌలా అలీ గుట్ట కనిపించగానే "అదిగో మనిల్లు" అని అరిచేది మా అమ్మాయి, చిన్నప్పుడు. ఈసారి ఆ తిప్పట లేదు. పండగ ప్రత్యేక రైలు ఎక్కి పడుకుంటే తెల్లారేసరికి గుడివాడ. కైకలూరు దగ్గర్నుంచి రెండువైపులా నీళ్లే. ఆకివీడు, ఉండి, భీమవరం, వీరవాసరం. రైలు డబ్బా మొత్తం మంచం దిగి, జడలు వేసుకుని, పిల్లలకి మొహాలు కడుగుతోంది. పాలకొల్లులో దిగేసరికి ప్లాట్‌ఫారం నిండా అల్లుళ్లు, మనవలు, ట్రాలీ సూట్‌కేసులు.

ఆ అమ్మాయే ఇప్పుడు డెల్ఫ్ట్‌లో చదువుకుంటోంది. హాలండ్‌లో మన పాలకొల్లుకి కాస్త పెద్దన్న లాంటి ఊరు. "కాలువల ఊరమ్మా, ఒక్కసారి వచ్చి చూడు, నీకు మీ ఊరే గుర్తొస్తుంది" అని రెండేళ్లుగా పోరు పెడుతోంది. ఫోన్లో ఊరంతా తిప్పి చూపిస్తుంది. వీధి మధ్యలో కాలువ, కాలువకి రెండు పక్కలా సైకిళ్లు, సైకిళ్ల వెనక వరసగా ఇళ్లు, ఇళ్ల కిటికీలన్నీ నీళ్ల వైపుకే. ఊరు దాటి పది నిమిషాలు సైకిల్ తొక్కితే పచ్చిక, మేకలు, ఆవులు, పొలానికి పొలానికీ మధ్య గట్టుకి బదులు సన్నటి నీటిపాయ. డెల్ఫ్ట్ అన్న పేరుకే తవ్వినది అని అర్థమట. తవ్విన కాలువ వల్ల ఊరికా పేరొచ్చింది. పాలకొల్లుకి పాలకొలను వల్ల పేరొచ్చిందని మా తాత చెప్పేవాడు. ఉపమన్యుడు అనే పిల్లవాడు పాలకోసం శివుణ్ణి అడిగితే కొలను నిండా పాలు పొంగాయన్నది స్థలపురాణం. రెండూళ్లకీ నీళ్లతోనే నామకరణం జరిగిందన్నమాట.

భోగి రోజు పొద్దున మంట దగ్గర నిలబడి వీడియో కాల్ చేశాను. అక్కడింకా అర్ధరాత్రి. అయినా మేలుకునే ఉంది. "కాలువలు గడ్డకట్టాయా?" అని అడిగాను, ప్రతి జనవరిలోనూ అడిగినట్టే. లేదు, వాన పడుతోందంది. అక్కడ వాళ్లు చలికాలమంతా ఎదురుచూసే పండగొకటి ఉంది. దేశానికి ఉత్తరాన ఉన్న ఫ్రీస్‌లాండ్‌లో పదకొండు ఊళ్లని కలుపుతూ దాదాపు 200 కిలోమీటర్లు, గడ్డకట్టిన కాలువల మీదే స్కేటింగ్ చేస్తూ తిరగాలి. మంచు దారి పొడుగునా గట్టిగా ఉంటేనే జరుగుతుంది. కిందటిసారి జరిగింది 1997 జనవరి 4న. ఆ తర్వాత మళ్లీ కాలువలు అంతలా గట్టిపడలేదు. అప్పట్నుంచీ ఒక దేశం మొత్తం మంచు కోసం చూస్తోందంటే నాకు దిగులేసింది. వానకోసం చూసిన ఇళ్లల్లో పెరిగినదాన్ని కదా.

ఇంతకీ చెప్పదలుచుకున్నది ఇది. అమ్మాయి చూపించిన వీధుల్లో ఔడె డెల్ఫ్ట్ అని ఒక పాత కాలువ ఉంది. దాని ఒడ్డున ఒక పెద్ద ఇల్లు. డచ్చి ఈస్టిండియా కంపెనీకి డెల్ఫ్ట్ శాఖ అందులో ఉండేది. 1602లో పుట్టిన ఆ కంపెనీకి ఆరు ఊళ్లల్లో శాఖలుండేవి: ఆమ్‌స్టర్‌డామ్, మిడిల్‌బర్గ్, డెల్ఫ్ట్, రాటర్‌డామ్, హోర్న్, ఎన్‌కౌజెన్. అన్నీ నీళ్ల ఊళ్లే. ఆ ఇళ్లల్లో కూర్చున్నవాళ్లు లెక్క రాసుకున్న గుడ్డల్లో పాలకొల్లు నేతగాళ్లు నేసినవీ ఉన్నాయి. "నేను అక్కడికి రావడం సంగతి తర్వాతమ్మా, వాళ్లే ముందు మనూరొచ్చారు" అన్నాను. దానికి తెలీదు! పాలకొల్లులో ప్రతి వేసవీ గడిపిన పిల్లకి తెలీకపోవడం దాని తప్పు కాదు, చెప్పని మాదే.

మన పెద్దలు డచ్చివాళ్లని వలందులనేవారు, హాలండు వాళ్లు కాబట్టి. బందరులో వలందపాలెం ఇప్పటికీ ఆ పేరుతోనే ఉంది. దాని సరసనే ఫ్రెంచివాళ్ల పరాసుపేట, ఇంగ్లీషువాళ్ల ఇంగ్లీషుపాలెం. ఎవరి కోఠీ వాళ్లది, ఎవరి సమాధులు వాళ్లవి. బందరులోనూ భీమిలిలోనూ డచ్చివాళ్ల శ్మశానాలు ఈనాటికీ చూడొచ్చు. 17వ శతాబ్దంలో పాలకొల్లులో, ద్రాక్షారామంలో, నరసాపురంలో వాళ్లు సరుకు కొన్నారు. పాలకొల్లులో కొన్నది ముఖ్యంగా నేతగుడ్డ. అది ఇక్కడ్నుంచి ఓడల్లో తూర్పు దీవులకి పోయేది. అక్కడివాళ్లకి కంపెనీ వెండి కంటే మన గుడ్డే ముద్దు. గుడ్డ ఇచ్చి జాజికాయ, లవంగం తెచ్చుకునేవారు. ఆ మసాలా యూరప్‌లో అమ్మేవారు. ఆ గొలుసులో మొదటి కొక్కెం మన గోదావరి ఒడ్డున పడింది.

ఆ రోజుల గురించి డేనియల్ హావర్ట్ అనే కంపెనీ ఉద్యోగి పెద్ద పుస్తకమే రాసి 1693లో ఆమ్‌స్టర్‌డామ్‌లో అచ్చు వేయించాడు. అందులో బందరు ఉంది, గోల్కొండ ఉంది, పాలకొల్లూ ఉంది. రెండు వందల ఏళ్ల తర్వాత అలెగ్జాండర్ రీ అనే పురావస్తు అధికారి మద్రాసు రాజధానిలోని డచ్చివాళ్ల కట్టడాలు, సమాధిరాళ్ల మీద 1897లో పుస్తకం వేశాడు. పాలకొల్లు సమాధులకీ అందులో చోటుంది. 1824లో లండన్‌లో కుదిరిన ఒప్పందంతో డచ్చివాళ్లు మన దేశంలోని తమ స్థావరాలన్నీ ఇంగ్లీషువాళ్లకి వదిలేసి వెళ్లిపోయారు. 1824 అనగానే మౌలాలి వాళ్లకి ఇంకోటి గుర్తుకు రావాలి. మా గుట్ట కింద సమాధిలో ఉన్న కవయిత్రి మహ్ లఖా బాయి చనిపోయిందీ ఆ ఏడే. పాలకొల్లులో వలందులు గుడ్డలు కొంటున్న కాలంలో పాలకొల్లుకీ మౌలాలికీ ప్రభువు ఒక్కడే, గోల్కొండ కుతుబ్ షాహీ సుల్తాను. అత్తవారూరూ పుట్టినూరూ లాగా రెండు రాష్ట్రాలైన ఈ రెండు చోట్లనీ ఇలా ఒకే మాటలో చెప్పగలిగినప్పుడు నాకెంత తృప్తిగా ఉంటుందో.

ఒకటి మాత్రం పొరపాటు పడకూడదు. కాలువలు వలందులు తవ్వినవి కావు. వాళ్లు వెళ్లిపోయిన పాతికేళ్లకి కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట కట్టాడు. 1847లో మొదలై 1852లో పూర్తయింది. ఆ తర్వాతే మా ఊళ్లోకి గోదారి నీళ్లు కాలువై వచ్చాయి. తమాషా చూడండి, అదే 1852లో హాలండులో హార్లెమర్‌మేర్ అనే మహా సరస్సుని ఆవిరి పంపులతో తోడి ఎండగట్టేశారు. ఇవాళ మన పిల్లలు విమానం దిగే స్కిపోల్ ఆ సరస్సు అడుగున ఉన్న నేలే. ఒకే ఏడాది వాళ్లు నీళ్లని బయటికి పంపి పొలం చేసుకున్నారు, మనం నీళ్లని లోపలికి పిలిచి పొలం చేసుకున్నాం. వాళ్ల దేశంలో నాలుగో వంతు నేల సముద్రమట్టానికి కిందే ఉంది. తోడకపోతే బతుకు లేదు. మనకి వదలకపోతే పంట లేదు.

మా అక్క ఇల్లు కాలువ గట్టు మీద. బావగారికి డెబ్బై ఎనిమిది. పొద్దున్నే కుర్చీ గట్టు మీద వేయించుకుని కూర్చుంటారు.

"ఇక్కడ పడవ ఆగేదమ్మా" అన్నారు నాకు చూపిస్తూ. "కొబ్బరికాయలు, ఇటుక, గడ్డి. గాలి లేకపోతే ఇద్దరు గట్టు మీద తాడు భుజానేసుకుని లాక్కుపోయేవాళ్లు. లాకు దగ్గరకొచ్చాక ఇక వాళ్లకి విశ్రాంతే. తలుపులు మూసి, నీళ్లు దించి, అవతలి తలుపులు తీసేదాకా గంట పట్టేది. ఆ గంటలో వంట."

"మీరెక్కారా బావగారూ?"

"ఎక్కకపోవడమేం. మా పెళ్లివారు పడవలోనే వచ్చారు కదా."

అక్క లోపల్నుంచి, "మీ పెళ్లి కాదు, మీ అన్నగారి పెళ్లి" అని సరిదిద్దింది.

అప్పట్లో ప్రతి నాలుగిళ్లకీ ఒక రేవు. ఇంటి వీధి గుమ్మం కాలువకే ఎదురుగా. రోడ్డు వచ్చాక ఇళ్లన్నీ అటు తిరిగి కూర్చున్నాయి, కాలువ పెరటి వైపైపోయింది. పెరటివైపు ఏం పారేస్తామో అవే కాలువలోకి పోతున్నాయి. దారిలో ఒక ఊరి వంతెన దగ్గర కారు ఆపి చూశాను. గుర్రపుడెక్క దట్టంగా అల్లుకుపోయి, దానిమీద పాల ప్యాకెట్లు, ఇస్తరాకులు, ఎవరిదో పాత పరుపు. నాకు కడుపులో దేవినట్టయింది. ఆ నీళ్లే కింద చేలకి పోతాయి, ఆ నీళ్లే చెరువు నింపి మళ్లీ కుళాయిలో ఇస్తారు. డెల్ఫ్ట్‌లో కాలువలు కూడా ఒకప్పుడు ఊరి మురుగు మోసినవే. కానీ ఇళ్ల ముఖాలు మాత్రం నీటివైపు నుంచి తిప్పుకోలేదు. రోజూ కళ్లెదుట ఉన్నదాన్ని ఎవరూ పాడు చేసుకోరు. మా అక్క వీధిలో ఈ ఏడాది ముగ్గులు గట్టు వైపు కూడా వేశారు. కుర్రాళ్లు గట్టు చదును చేసి, రంగు బెంచీలు రెండు వేశారు. ఇంకో పాతిక బెంచీలు పడితే ఊరి మొహం మారిపోతుందని నా గట్టి నమ్మకం.

గుడికి వెళ్లాం. క్షీరారామం పంచారామాల్లో ఒకటని అందరికీ తెలిసిందే. తొమ్మిదంతస్తుల గాలిగోపురం, 120 అడుగులు. సముద్రం మీంచి వచ్చిన ఏ వలందుకైనా పొలాల మీద మొదట కనబడే ఊరి గుర్తు గోపురమే అయి ఉంటుంది కదా అని పైకి చూస్తూ నిలబడ్డాను. మెడ పట్టేసింది.

ఇక దిబ్బరొట్టె. పాలకొల్లు వెళ్లి అది తినకుండా వచ్చినవాళ్లని ఊరెళ్లినట్టు లెక్కపెట్టను. అక్క మినప్పప్పు రాత్రే నానేసి, తెల్లారి రుబ్బి, కడిగి పిండిన బియ్యపు రవ్వ కలిపింది. మందపాటి ఇనుప మూకుడులో నూనె కాగాక పిండి అరచెయ్యంత మందాన పోసింది. కింద కొబ్బరి డొక్కల సెగ, పైన మూత, మూత మీద నాలుగు నిప్పులు. ఇక కదపకూడదు. "తొందరపడ్డావా, మధ్యలో పచ్చిగా ఉండిపోతుంది" అని నన్ను పొయ్యి దగ్గర్నుంచి లేవనివ్వలేదు. అంచు చుట్టూ చిన్న చిన్న బుడగలు చిటపటమని, మాడుకి కాస్త ఇవతల వాసన రాగానే తిరగేసింది. అడుగు ఎర్రటి పెంకులా వచ్చింది. విరిస్తే టప్‌మని చప్పుడు, లోపల దూదిలా పొగ. తేనెపాకం పోసి ఒక ముక్క, అల్లప్పచ్చడితో ఇంకో ముక్క. ఆ మూకుడు మా అమ్మది.

పండగ సంగతి వేరే చెప్పాలా. భోగిపళ్లు, గొబ్బెమ్మలు, హరిదాసు, గంగిరెద్దు అన్నీ వచ్చాయి. కోడిపందేల ఊసు నేనెత్తను. చట్టం వద్దంది, నా మనసూ వద్దంటుంది.

కనుమ రోజు మాత్రం చించినాడ వంతెన మీదుగా గోదారి దాటి కోనసీమ వెళ్లాం, జగ్గన్నతోట ప్రభల తీర్థానికి. మొసలపల్లి దగ్గర ఆ కొబ్బరితోటలో గుడి లేదు, విగ్రహం లేదు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి పదకొండుమంది రుద్రులు ప్రభలెక్కి అక్కడికొచ్చి ఒక్క పూట కలుసుకుంటారు. వెదురు కట్టి, రంగు గుడ్డలు చుట్టి, గంటలు కట్టిన ఆ ప్రభల్ని మనుషులు భుజాల మీదే మోస్తారు. చేను అడ్డమొస్తే చేలోంచే. పైరు తొక్కుడుపడ్డా రైతు ఏమీ అనడు, పైగా దణ్ణం పెడతాడు. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలు కౌశికలోకి దిగినప్పుడు నేను ఊపిరి బిగబట్టాను. మోస్తున్నవాళ్లకి నీళ్లు మొలదాకా, తర్వాత రొమ్ముదాకా వచ్చాయి. ప్రభ ఒకపక్కకి ఒరిగింది. ఒడ్డున వేలమంది "హరహర మహాదేవ" అంటుంటే తాళ్లు పట్టినవాళ్లు ఇటు లాగారు, నిలబెట్టారు. నా పక్కనున్న ముసలావిడ కళ్లు తుడుచుకుంటోంది, అప్పుడు చూసుకున్నాను, నేనూ తుడుచుకుంటున్నాను. 2023 గణతంత్ర దినోత్సవానికి ఢిల్లీలో మన శకటం ఈ తీర్థం మీదే నడిచింది. టీవీలో చూసినదానికీ ఆ బురదలో నిలబడి చూసినదానికీ పోలికే లేదు.

వచ్చేటప్పుడు, పోయేటప్పుడు చేలు. సార్వా కోతలు అయిపోయి దాళ్వా నాట్లు నడుస్తున్నాయి. నీళ్లలో ఆకాశం, ఆకాశంలో వంగిన నడుములు. మార్టేరు వరి పరిశోధన కేంద్రం 1925లో మొదలైంది, 2025తో నూరేళ్లు. ఎంటీయూ అని వరి రకాల ముందు ఉండే మూడక్షరాలు మార్టేరువే. 1982లో విడుదలైన ఎంటీయూ 7029నే స్వర్ణ అంటారు. మౌలాలిలో మా కిరాణా కొట్టు ముందు స్వర్ణ బస్తా చూసినప్పుడల్లా నేను లోలోపల మా ఊరిని పలకరించుకుంటాను.

చివరి రోజు నరసాపురం, పాలకొల్లుకి పది కిలోమీటర్లు. మాధవాయిపాలెం రేవులో పంటు ఎక్కాం. కార్లు, మోటారు సైకిళ్లు, మేకలు, మనుషులు, అందరూ ఒకే చెక్క మీద అవతల సఖినేటిపల్లికి. ఈ మాధవాయిపాలెమే ఇంగ్లీషువాళ్ల నోట్లో మడపొల్లం అయింది. ఇక్కడి తెల్లటి నూలు గుడ్డకి ఆ పేరే స్థిరపడి, ఫ్రెంచివాళ్లు ఈనాటికీ ఒక రకం గుడ్డని మడపొలామ్ అంటారు. రేవు మీద జీడిపప్పు అమ్ముకునే అమ్మాయికి ఆ మాట చెబితే, "మా పాలెం పేరా అండీ?" అని రెండుసార్లు అడిగింది.

నరసాపురంలో ఒక ఇంటి అరుగు మీద లేసు అల్లుతుంటే కూర్చుండిపోయాం. పందొమ్మిదో శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు నేర్పిన అల్లిక ఇది. ఇక్కడి ఆడవాళ్ల చేతుల్లో ఊరి పరిశ్రమ అయిపోయింది. జర్మనీ నుంచి వచ్చిన మరియా మీస్ అనే పరిశోధకురాలు వీళ్ల కష్టం మీద 1982లో ఒక పుస్తకమే రాసింది: ఇంట్లో కూర్చుని చేసేది పని కిందికి ఎవరూ లెక్కవేయరని, కూలి అందుకే తక్కువని. 2024లో నరసాపురం లేసుకి జీఐ గుర్తింపు వచ్చింది. అరుగు మీది ఆవిడ కొక్కెం సూది కొసని చూడటం లేదు, మాతో మాట్లాడుతోంది. దారం చూపుడువేలికి ఒక చుట్టు, సూది దూరడం, లాగడం, మళ్లీ దూరడం. మాట్లాడుతుండగానే రూపాయి బిళ్లంత పువ్వు పూర్తయింది. ఆరు రేకులు. "ఇలాంటివి ఎన్ని కలిపితే టేబుల్ గుడ్డండీ?" అంటే నవ్వి, "లెక్కెడితే చెయ్యి ఆగిపోద్దండి" అంది. బేరమాడలేదు నేను. ఆడబుద్ధి కాలేదు. ఒక చిన్న గుడ్డ కొన్నాను, డెల్ఫ్ట్‌లో అమ్మాయి బల్ల మీదికి.

మౌలాలి చేరేసరికి ఇక్కడ ఇంకో తిరనాళ్లు. రజబ్ నెల 17, మౌలా అలీ ఉర్సు, ఈసారి సంక్రాంతి వెళ్లిన మూడునాలుగు రోజులకే పడింది. కమాను దగ్గర్నుంచి గుట్టదాకా దీపాలు, గాజుల బళ్లు, ఖర్జూరం, వేడి జిలేబీ. నడక కూడా కష్టమై, ఆటోవాలా మమ్మల్ని సామానుతో సహా దూరంగానే దింపేశాడు. అరిసెల డబ్బా నెత్తిన పెట్టుకుని ఆ జనంలోంచి నడిచొచ్చాం. మెట్ల కింద మాకు తెలిసిన పూలబ్బాయి, "అమ్మా, ఊరు నుంచా?" అని పలకరించి ఒక మూర చేతిలో పెట్టాడు. అతనికి రెండు అరిసెలు అక్కడే ఇచ్చేశాను.

ఇప్పుడే అక్క ఫోను. ఫిబ్రవరి 8న భీష్మ ఏకాదశి, అంతర్వేది నరసింహస్వామి రథం. "పంటు మీద జనం తోసుకుంటారు, ముందు రోజే వచ్చి ఇక్కడ పడుకో" అంటోంది. అమ్మాయి వేరే లైన్లో ఉంది. లేసు గుడ్డ చూపించాను. ఔడె డెల్ఫ్ట్ గట్టు మీద కంపెనీ ఇంటి ఎదురుగా ఆగి ఉందట, సైకిల్ దిగి. చలికి మాట వణుకుతోంది. "అమ్మా, హావర్ట్ పుస్తకం ఇక్కడ లైబ్రరీలో ఉంటుందేమో అడుగుతాను, పాలకొల్లు పేజీ ఫోటో తీసి పంపనా?" అంది. పంపమన్నాను. చర్లపల్లిలో రథానికి వెళ్లే టికెట్లు దొరుకుతాయేమో మా వారు అప్పుడే చూస్తున్నారు.